దీర్ఘం లేని పేరు

మొలొకాయి దీవిలో హేలానీకి పొద్దున్న లేస్తూనే ముడులు వేసుకోవడమే పని. ఆరు నెలల కూతురు 'కల' ఉన్న చోట ఏ ముడీ నిలవదు. ఉయ్యాల తాడు, మేక పలుపు, మొగుడి పడవ మోకు, అన్నీ వాటంతటవే ఊడిపోతాయి.

"నీ కూతుర్నెత్తుకుని ఇటొచ్చావంటే నా నిక్కరు బొందు చేత్తో పట్టుకోవాలమ్మోయ్!" అనేవాడు పక్కింటి ముసలాయన. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడది నవ్వులాటగా లేదు. వారం నుంచీ పిల్ల పిడికిలి కూడా ఊడిపోతోంది. వేలందిస్తే పట్టుకోదు, రొమ్ము నోట పెడితే జారవిడుస్తుంది. డాక్టరు జబ్బేమీ లేదన్నాడు. హేలానీ "కల, కల, నన్ను వదిలిపోకే తల్లీ" అని పొద్దస్తమానం పిలుస్తూనే ఉంది.

ఇక దారిలేక, తనతో ఎప్పుడో మాటలు మానేసిన తల్లి లువానాకి కబురు పెట్టింది. లువానా గడప దాటగానే కొప్పు ఊడి భుజాల మీద పడింది. కూతురు పిలిచే పిలుపు విని అక్కడే నిలబడిపోయింది.

"ఆ పేరెవరు చెప్పారే నీకు?"

"ఫోన్లో చూశా. సూర్యుడని రాసుంది."

"నీ ఫోను తగలెయ్య! చివర దీర్ఘం పెట్టి 'కలా' అంటే సూర్యుడు. కురచగా తెంచితే విప్పెయ్, వదిలెయ్ అని. పిల్లకి నువ్వు రోజూ ఏం చెబుతున్నావో తెలిసిందా?"

హేలానీ బావురుమంది. "నాకెలా తెలుస్తుంది? మన భాషలో ఒక్క ముక్కైనా నేర్పావా నువ్వు?"

"మన మాట మాట్లాడిందని బళ్ళో మా అమ్మ వీపు చిట్లగొట్టారు. ఆ దెబ్బలు నీకొద్దని నోరు కట్టుకున్నా. తప్పే. తర్వాత తిడుదువుగాని, ముందు పిలువు!"

"కల..." అలవాటుపడ్డ నాలుక మళ్ళీ తెంచేసింది. పిల్ల తల వాలిపోయింది.

"సాగదియ్యవే!" అంటూ లువానా పిల్లని లాక్కుని తనే గొంతెత్తింది. ఇద్దరూ కలిసి ఊపిరి అయిపోయేదాకా సాగదీశారు, "కలాఆఆ". గొంతులు బొంగురుపోయినా ఆపలేదు.

చాలాసేపటికి పిల్ల చెయ్యి కదిలింది. అమ్మమ్మ జుట్టు గుప్పెట్లోకి తీసుకుని బిగించింది. "అబ్బా!" అంది లువానా ఏడుస్తూ.

హేలానీ తల్లి పక్కన కూలబడింది. "అమ్మా, ఆ పొట్టి మాట పెద్దవాళ్ళతో అనొచ్చా?"

"పాత కోపాలు వదిలెయ్యమనడానికీ అదే మాట."

"అయితే... కల, అమ్మా" అంది హేలానీ.

పిల్ల పిడికిలి మాత్రం ఊడలేదు.