మెడ కొలత

నజాకత్ హుస్సేన్ టాక్సీ చెత్తడబ్బాను గుద్దిన రోజు, వానలకు పేరుపడ్డ మా రోవెన్‌ఫోల్డ్‌లో వాన కూడా లేదు. నవంబరు మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. డయాలసిస్ కేంద్రం ఎదుట కారు మెల్లగా పేవ్‌మెంట్ ఎక్కి, డబ్బాను పడగొట్టి ఆగింది. వెనక సీట్లో కూర్చున్న గ్లెనిస్ హోరాక్స్‌కు చిన్న గీత కూడా పడలేదు. కానీ పది గజాల దూరంలో ఒకావిడ పసిపిల్లను బండిలో తోసుకుంటూ వస్తోంది. వెంటనే టాక్సీ నంబరు రాసుకుని, లైసెన్సులిచ్చే ఊరి కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపింది.

మా ఊళ్ళో టాక్సీ నడిపేవాడికి పోలీసులకంటే కౌన్సిల్ అంటేనే భయం. పోలీసులు జరిమానాతో వదిలేస్తారు. కౌన్సిల్ టాక్సీ నడిపే బ్యాడ్జినే, అంటే లైసెన్సునే, తీసేసుకుంటుంది. నోటీసు చేతికి రాగానే నజాకత్ నా దగ్గరికి వచ్చాడు. నేను డ్రైవర్ల సంఘం కార్యదర్శిని. టాక్సీ నడుపుకుంటూనే, పదకొండేళ్ళుగా ఇలాంటి నోటీసులకు అందరి తరఫునా జవాబులు రాస్తున్నాను.

"ఏం జరిగింది నజాకత్ భాయ్?"

"ఏమో మారూఫ్. ఒక్క క్షణం కళ్ళు..." అని ఆగిపోయాడు.

"కళ్ళల్లో ఎండ పడిందా?" అన్నాను.

అతను నా ముఖంలోకి కాసేపు చూశాడు. "సరే, అలాగే రాయి" అన్నాడు.

అలాగే రాశాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేని మనిషి, పొద్దున స్కూలు పిల్లల్ని, మధ్యాహ్నం రోగుల్ని జాగ్రత్తగా చేరవేసే మనిషి అని కూడా రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

గ్లెనిస్‌కు డెబ్బై ఎనిమిదేళ్ళు. వయసులో ఉన్నన్నాళ్ళూ నేత మిల్లులో పనిచేసింది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళాలి. ఆరేళ్ళుగా ఆమెను తీసుకెళ్ళేది, తీసుకొచ్చేది నజాకతే. కౌన్సిల్ అతన్ని విచారణకు పిలిచిందని తెలిసి తనే నాకు ఫోన్ చేసింది. "నేనొచ్చి చెప్తాను వాళ్ళకి. నన్ను మెట్ల దాకా చెయ్యి పట్టుకుని దింపే డ్రైవర్ ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడో చూపించమను" అంది. ఇంతకంటే మంచి సాక్షి దొరకదని నేనూ సంబరపడ్డాను.

టౌన్‌హాల్ మేడమీది గదిలో ముగ్గురు కౌన్సిలర్లు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ బెరిల్ ట్యాటర్సాల్. స్కూల్లో పిల్లలకు భోజనం వడ్డించే పని ముప్పై ఏళ్ళు చేసి, ఆ తర్వాత కౌన్సిల్‌కు ఎన్నికయింది. నా జవాబు చదివి, కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"నవంబర్లో, రోవెన్‌ఫోల్డ్‌లో ఎండ. మీరు అదృష్టవంతులు మిస్టర్ హుస్సేన్. నేను ఏప్రిల్ తర్వాత చూడలేదు."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. నజాకత్ తల వంచుకున్నాడు. అంతలో గ్లెనిస్ కర్ర ఊతతో లేచి నిలబడింది.

"అతన్ని ఎగతాళి చెయ్యకండి. బంగారంలాంటి మనిషి. రెక్కలు ముక్కలు చేసుకుంటాడు, అంతే. పోయిన నెల స్టేషన్ దగ్గర సిగ్నల్లో కునుకు పడితే నేను భుజం తట్టాను. వెంటనే లేచి సారీ చెప్పాడు. అంతకంటే మర్యాద ఎవరికుంటుంది?"

బెరిల్ కలం కింద పెట్టింది. గ్లెనిస్ అందరి ముఖాలూ చూసి, తనేదో తప్పు మాట అన్నట్టు గ్రహించి మెల్లగా కూర్చుంది.

అప్పుడు నేను లేచాను. ఆ రోజు సంగతి తల్చుకున్నప్పుడల్లా నన్ను కుదిపేది ఇదే.

"అమ్మగారికి వయసు మీద పడింది. డయాలసిస్ మనిషి. జ్ఞాపకం కొంచెం అటూ ఇటూ అవుతుంటుంది. ఎవరి కారులోనో జరిగింది ఇతనిదనుకుంటున్నారు" అన్నాను.

గ్లెనిస్ నా వైపు తిరిగింది. ఆమె చెయ్యి కర్ర మీద బిగుసుకుంది.

"కూర్చో మారూఫ్" అన్నాడు నజాకత్. తర్వాత కౌన్సిలర్ల వైపు చూశాడు. "ఆమె జ్ఞాపకానికేం కాలేదు. ఆమె చెప్పింది నిజం. ఎండా లేదు, ఏమీ లేదు. నాకు నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా సరే. మూడుసార్లు అయింది. రెండు ఆమెకు తెలుసు. మూడోది పొద్దున, స్కూలు పిల్లలు బండిలో ఉండగా. నలుగురు పిల్లలు. లారీ హారన్ కొడితే మెలకువ వచ్చింది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు."

కౌన్సిలర్లు ముగ్గురూ లోపలి గదిలోకి వెళ్ళి ఇరవై నిమిషాల తర్వాత వచ్చారు.

"మీరు మంచివారా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు" అంది బెరిల్. "నా మనవరాలిని రేపు పొద్దున ఒంటరిగా మీ కారెక్కించగలనా అన్నదొక్కటే మేం అడగాల్సింది. ఇవాళైతే ఎక్కించలేను. మీ లైసెన్సు ఈ క్షణం నుంచీ రద్దు. డాక్టర్‌ని కలవండి మిస్టర్ హుస్సేన్. ఇది మందలింపు కాదు, బతిమాలుతున్నాను."

మెట్ల దగ్గర గ్లెనిస్ కళ్ళు తుడుచుకుంది. "నా నోటితో నేనే నీ కూడు చెడగొట్టాను నాయనా."

"మీరు లేకపోతే నేను ఇంకా నడుపుతూనే ఉండేవాణ్ణి" అన్నాడు నజాకత్.

ఇద్దర్నీ ఇంటి దగ్గర దింపుతానన్నాను. గ్లెనిస్ నన్ను ఎగాదిగా చూసింది. "మూడేళ్ళ కింద నన్ను మా చెల్లెలింటికి తీసుకెళ్తూ దారి తప్పింది నువ్వే కదూ? రెండుసార్లు అదే చర్చి చుట్టూ తిప్పావు. నాకు బాగా గుర్తుంది" అంది. వాళ్ళిద్దరూ బస్సులో వెళ్ళారు.

ఆస్పత్రిలో తేలిందేమంటే, నజాకత్‌కు నిద్రలో గొంతు మూసుకుపోతోంది. గంటకు నలభైసార్లు ఊపిరి ఆగి, ఒళ్ళు ఉలిక్కిపడుతోంది. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు కాదు. అతని భార్య నస్రీన్ గురక భరించలేక ఎప్పుడో పక్క గదిలోకి మారింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ముక్కుకు తగిలించుకునే మాస్కు, గాలి ఊదే చిన్న యంత్రం ఇచ్చారు. బావమరిది కార్పెట్ల దుకాణంలో పనిచేసుకుంటూ తొమ్మిది నెలలు గడిపాడు. ఆగస్టులో కౌన్సిల్ బ్యాడ్జి తిరిగి ఇచ్చింది, ఆరు నెలలకోసారి డాక్టర్ ఉత్తరం తెచ్చే షరతుతో.

అయితే ఈలోగా కౌన్సిల్ ఇంకో నిర్ణయం చేసింది. ఇక మీద లైసెన్సు కోసం వైద్య పరీక్షకు వెళ్ళే ప్రతి డ్రైవరునూ నిద్ర గురించి అడుగుతారు, మెడ చుట్టుకొలత తీస్తారు. లావు మెడ ఉన్నవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువట. టాక్సీ స్టాండులో అందరూ నజాకత్ మీద మండిపడ్డారు.

"నువ్వు నిజం చెప్పావు, అది మా మెడకు చుట్టుకుంది" అన్నాడు తోటి డ్రైవరు సజావల్. కొలిచే టేపు తెచ్చి నజాకత్ మెడకు నిజంగానే చుట్టాడు కూడా. నజాకత్ కదలకుండా నిలబడి, "ఎంతుంది?" అని మాత్రం అడిగాడు.

సంఘం తరఫున నేను కౌన్సిల్ సమావేశంలో మాట్లాడాను. మమ్మల్ని సంతలో పశువుల్లా కొలుస్తారా అన్నాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. బెరిల్ ఓపిగ్గా విని, "మీరు కొలుచుకున్నారా మిస్టర్ మారూఫ్?" అని అడిగింది. నేను కాగితాలు సర్దుకుని కూర్చున్నాను. నిర్ణయం అలాగే నిలిచింది.

ఇంటికెళ్ళి మా ఆవిడ కుట్టుపని టేపుతో కొలుచుకున్నాను. పదిహేడున్నర అంగుళాలు. హద్దు పదిహేడు.

అప్పుడు చాలా సంగతులు గుర్తొచ్చాయి. రెండేళ్ళుగా చలికాలంలో కూడా అద్దం దించి, రేడియో గట్టిగా పెట్టి నడుపుతున్నాను. నాకు పాటలు ఇష్టమని అందరికీ చెప్పుకున్నాను. నజాకత్ "కళ్ళు" అని ఆగినప్పుడు నేను చటుక్కున ఎండను అందించడానికి కారణం, ఆ మాట మిగతా సగం నాకు తెలిసి ఉండడమే.

ఆదివారం మధ్యాహ్నం అతనింటికి వెళ్ళాను. నస్రీన్ భాభీ టీ పెట్టింది. ఎందుకొచ్చానో చెప్పకుండా సంఘం కబుర్లు చాలాసేపు చెప్పాను. చివరికి నజాకతే అడిగాడు.

"ఎంత?"

"పదిహేడున్నర."

అతను నవ్వలేదు. మేడ మీదికి తీసుకెళ్ళి మంచం పక్కనున్న యంత్రం చూపించాడు. మాస్కు తుడిచి నా ముఖానికి పెట్టి, పట్టీలు సవరించి మీట నొక్కాడు. ముక్కులోకి గాలి దూసుకొచ్చింది. ఉక్కిరిబిక్కిరై ఏదో అనబోయాను. నోట్లోంచి గాలి బుస్సున బయటికి పోయింది.

"నోరు మూసుకో మారూఫ్" అన్నాడు. "అప్పుడే ఇది పనిచేస్తుంది."

సోమవారం పొద్దున కారు తియ్యలేదు. డాక్టర్ దగ్గరికి నడిచి వెళ్ళాను.