ఆసు పోసిన చేయి

“ఫోన్ల ముచ్చట్లు బంద్ పెట్టి ఆసు ముగించు. మీ మామ మగ్గం మీద ఖాళీగ కూసున్నడు” అంది లీలమ్మ, వాకిట్లో బియ్యం చెరుగుతూ.

కోడలు సుచరిత మోకాలి పక్కన ఫోను పెట్టుకుని, పట్టుపోగును ఆసు చట్రం మీది నడిమి మేకు నుంచి అంచు మేకుకూ, అంచు నుంచి మళ్లీ నడిమికీ లాగుతూనే ఉంది. ఒక్క చీరకు ఆసు పొయ్యాలంటే పొద్దున ఆడటం మొదలుపెట్టిన చేయి పొద్దుగూకేదాకా ఆడాలి. మధ్యలో లేవకూడదు. లేస్తే పోగుల లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే మగ్గం మీద పువ్వు విరుగుతుంది. అందుకే చౌటుప్పల్ పక్కనున్న ఆ చేనేత వాడలో ఆడవాళ్లు దాహమైనా, ఒంటికి పోవాలన్నా ఓర్చుకోవడం నేర్చుకుంటారు. చీర బాగా దిగితే నేసినవాడి పనితనం. పువ్వు విరిగితే ఆసు పోసినదాని బుర్ర ఎక్కడో మేస్తోంది. ఈ న్యాయం ఎవరు రాశారో గానీ, ఆడది మాత్రం రాసి ఉండదు.

చేతులు ఖాళీ ఉండవు కాబట్టి సుచరిత నోటితో రాసేది. ఆసు పోస్తూనే ఫోనుకు చెప్పేది, ఫోను అక్షరాలు చేసేది. పట్టుచీర మొదటిసారి ఎట్లా ఉతకాలి, అచ్చు వేసిన బట్టను చేనేత అని అంటగడితే తిరగేసి ఎట్లా పట్టుకోవాలి, ఇవే ఆమె రాతలు. వంట చేస్తూ తప్పులు దిద్దుకుని తన వెబ్‌సైట్‌లో పెట్టేది. “పిచ్చిదాని లెక్క ఒక్కతే ఒర్రుతది” అని లీలమ్మ వాడంతా చెప్పుకుంది. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో చదవడం మొదలుపెట్టారు. ఆమె రాసిన మాటల మధ్య ప్రకటనలు వచ్చాయి, ప్రకటనల వెంట డబ్బులు వస్తాయని తెలిసింది. అప్పటిదాకా ఆ ఫోను వైపు చూడని మొగుడు దయాకర్, ఆ రోజు పక్కన వచ్చి కూర్చున్నాడు.

“నీకు ఖాతా ఎందుకే? నాది లేదా? నీది నాది వేరా?” అన్నాడు. నీది నాది వేరా అన్న మాట అతనికి ఆమెది తీసుకునేటప్పుడే గుర్తొస్తుంది. ప్రకటనల కంపెనీ నుంచి దయాకర్ పేరుతో కవరు వచ్చింది. అందులోని నంబరు కొడితేనే డబ్బులు కదులుతాయి. ఆ కవరుతో ఫొటో దిగి స్టేటస్ పెట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చిందంతా అతని ఖాతాలోకే పోయింది. మేనమామ కొడుకు పెళ్లి విందులో “మా వెబ్‌సైటు” అని మొదలుపెట్టి, విస్తరి ఎత్తేసరికి “నా వెబ్‌సైటు” అన్నాడు. “ఈమె ఊకె ముచ్చట్లు చెప్తది, నడిపేది నేనే.” అందరూ నవ్వారు. సుచరిత సాంబారు గిన్నె పట్టుకుని అదే వరుసలో వడ్డిస్తోంది.

ఆ విందులోనే దయాకర్‌కు ఒక బుద్ధి పుట్టింది. ఎంత చెయ్యాడితే అంత కూలి అనేది ఆ వాడకు పుట్టుకతో వచ్చిన లెక్క. ప్రకటన నొక్కితే పైసా వస్తుందంటే, ఇంటింటా నొక్కితే ఎంత రావాలి? వాడ గ్రూపులో దయాకర్ మెసేజి పెట్టాడు, మనోళ్లందరూ రోజూ తెరిచి కనపడ్డ ప్రకటననల్లా నొక్కాలని.

“గట్ల చెయ్యొద్దు. మనమే నొక్కితే వాళ్లు దొంగలెక్కని పట్టుకుంటరు. ఖాతా మూసేస్తరు” అంది సుచరిత.

“కంపెనీల షిఫ్టు నడిపేటోన్ని. నాకు నేర్పుతున్నవా?”

వాడంతా నొక్కింది. లీలమ్మ కూడా అన్నం తిన్నాక కొడుకు ఫోను తీసుకుని జపమాల తిప్పినంత శ్రద్ధగా నొక్కింది. నెల తిరక్కుండానే కంపెనీవాళ్లు ప్రకటనల ఖాతా మూసేశారు. దయాకర్ పేరు మీద ఇక ఎప్పటికీ తెరవరట. ఆ సంగతి చదివి దయాకర్ ఫోను మంచం మీదికి విసిరికొట్టి, “వద్దు వద్దని మొత్తుకున్నవు గదా, నీ నోరే తగిలింది” అన్నాడు. పువ్వు విరిగింది, ఇక ఆసు పోసినదానిదే తప్పు. సుచరితకు కోపం రాలేదు. అసహ్యం వేసింది. అన్నం కలిపే అతని చేతిని చూడబుద్ధి కాలేదు.

మర్నాడు అతనే దారి కనిపెట్టాడు. “కొత్త వెబ్‌సైట్ పెట్టు. అన్నీ మళ్ల రాయి. ఖాతా అమ్మ పేరు మీద తీయ్.”

“నా పేరు మీద తీస్తే?”

అతను నవ్వాడు. లీలమ్మ నవ్వలేదు. “సంసారం చేసేదానికి సొంత పైసలెందుకే? రేపు ఏదన్న మాట అంటే మూట గట్టుకొని పోతవు” అంది. కొడుకు జేబూ తన పేరూ ఒకటేనని ఆమెకు తెలియక కాదు. సుచరిత ఇద్దరినీ చూసి “సరే” అంది. ఏది సరే అన్నదో ఎవరూ అడగలేదు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి మొదట చెప్పింది చీర గురించి కాదు, ఆసు పోసే భుజం గురించి. రాత్రి ఏ పక్కకు తిరిగితే నొప్పి తగ్గుతుందో, పిల్లకు జడ వేసేటప్పుడు చేయి ఎందుకు లేవదో, కూలి చెప్పేటప్పుడు ఆ చేయి పేరు ఎందుకు రాదో చెప్పింది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో మా భుజం కూడా అంతే అక్కా అని రాశారు. లీలమ్మ మాత్రం కంపెనీ కవరు కోసం ఎదురుచూసేది. “నా పేరు అచ్చేసి వస్తదట” అని ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. ఆమెకూ ఈ జన్మలో ఎవరూ ఉత్తరం రాయలేదు. సుచరితకు ఒక్కసారి మనసు చివుక్కుమంది. నిర్ణయం మారేంత మాత్రం కాదు.

ఆ రోజు ఆసు సగంలో ఉంది. షిఫ్టు దిగి వచ్చిన దయాకర్ మంచం మీద ఫోను చూసుకుంటున్నాడు. కొత్తగా వచ్చిన పోస్టమ్మాయి ప్రకటనల కంపెనీ కవరు పట్టుకుని గుమ్మంలో ఆగి, “సుచరిత ఎవరమ్మా?” అంది.

“గా పేరుగలోల్లు మా ఇంట్ల ఎవరు లేరు బిడ్డా” అంది లీలమ్మ చేట కింద పెట్టి. ఆ ఇంట్లో కోడలిని పేరుతో పిలిచినవాళ్లు లేరు. “లీలమ్మ అని ఉంటది, మంచిగ సూడు.”

దయాకర్ తల ఎత్తాడు. కవరు వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. సుచరిత చేయి నడిమి మేకు దగ్గర ఆగింది. పోగును అక్కడే వదిలి లేచింది.

“సగంల లేస్తున్నవేందే? లెక్క తప్పుతది” అంది లీలమ్మ.

“తప్పనియ్యిండ్రి అత్తమ్మా” అని సుచరిత గుమ్మం దాకా నడిచి చేయి చాచింది. “నేనే సుచరిత.”