కర్ణాకర్ తాయెత్తు

మనస్విని సంచి నేనే సర్దాను. రెండు జతల బట్టలు, సర్వపిండి పెట్టిన స్టీలు డబ్బా, తలనొప్పి మాత్రలు. జిప్పు వేసి, తీసి, మళ్లీ వేశాను. పక్కన తెల్లటి ఐసు డబ్బాలో పొద్దున మద్దూరులో మా వాళ్ల పిల్ల సాత్వికకు రెండోసారి తీసిన రక్తం ఉంది.

"మూడుసార్లు సర్దినవ్ అవ్వా. నేను పొయ్యేది హైదరాబాదుకే," అంది నా బిడ్డ.

తొవ్వ ఎంత దూరమన్నది నా భయం ఎన్నడూ చూసుకోలేదు.

మనస్విని అక్కడి ఒక పరిశోధనాలయంలో పదిహేడేళ్లుగా ఒకే సంగతి పట్టుకుని ఉంది. ఎండ మన ఒంట్లోని డీఎన్ఏను రోజూ దెబ్బతీస్తుందట. ఆ దెబ్బను ఒళ్లే మరమ్మతు చేసుకుంటుందట. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ మరమ్మతు ఉండదు. ఎండ తగిలిన చోటల్లా మచ్చలు, కళ్లలో పుండ్లు, ఆ తర్వాత క్యాన్సర్. ఆమె అన్న కర్ణాకర్‌కు జరిగింది అదేనని ఆమె నమ్మకం. వాడి తండ్రి, నా భర్త రాజమల్లయ్య నాకు సొంత మేనమామ.

మద్దూరులో నా భర్త అన్న కొడుకు శైలేందర్ కూడా తన సొంత అక్క కూతురు రోజారాణినే చేసుకున్నాడు. సాత్విక వాళ్ల బిడ్డ, నాలుగేళ్లది. పొద్దున మేం వెళ్లేసరికి ఒళ్లంతా పసుపూ వేపాకు ముద్దా రాసి, ఆ పిల్లను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టారు. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"లోపలికి తీస్కపో అన్నా," అంది మనస్విని.

"పసుపు ఆరాలె గద చెల్లె. మచ్చలు పోతయని పెద్దోళ్లు చెప్పిన్రు." శైలేందర్ నవ్వాడు. "నువ్వు ఇన్నేండ్ల సంది ఎలుకలతోని ఆడవడ్తివి. గిదే రోగమని ఖాయంగ చెప్పు, ఇల్లంత పరదాలు కడ్త. అనుమానం మీద పోరిని చీకట్ల పెట్టుమంటె ఎట్ల?"

నేను ఆ పసుపునే చూస్తూ నిలబడ్డాను. కర్ణాకర్‌కు నేనూ అదే రాశాను. నలభై ఒక్క రోజులు. వాడు ఏడిస్తే, ఇంకొంచెం ఆరనీ బిడ్డా అన్నాను.

ఇప్పుడు సంచి పక్కన కూర్చుని అడిగాను. "ఖాయంగ ఎందుకు చెప్పరాదు?"

"మన ఇంటి జీన్‌ల ఒక మార్పు దొరికింది. జీన్ తల్లిదొకటి, తండ్రిదొకటి రెండు వస్తయి. నీకు ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. అందుకే నీకేం గాలె. సాత్వికకు పోయినసారి తీసిన రక్తంల రెండూ చెడ్డయే. గానీ గా మార్పు ఇంకెక్కడ ఎవ్వలకూ దొరకలె. ఒక్క పిల్లను చూసి చెప్తె డాక్టర్లు ఒప్పుకోరు. గదే రోగమున్న ఇంకొకల్ల రక్తమో, ఒంటి ముక్కనో గావాలె."

"మన కర్ణాకర్ పోయి ముప్పై మూడేండ్లాయె."

"గందుకే వానిదేమన్న ఉన్నదా అని నిన్ను అడుగుతలేను."

బొడ్డుపేగు ఎండి ఊడిపోయాక ఆ ముక్కను వెండి తాయెత్తులో పెట్టి పిల్లల మొలతాడుకు కట్టడం మా ఇళ్లలో ఉంది. కర్ణాకర్ తాయెత్తు వాడితోనే పోయిందని అందరికీ చెప్పాను. నిజానికి దవాఖానకు వెళ్లే రోజు మొలతాడు తెగింది. వచ్చాక కొత్తది కడదామని తాయెత్తు నా దగ్గర పెట్టుకున్నాను.

నడుము దగ్గరి నల్లదారం విప్పి, దాన్ని మనస్విని చేతిలో పెట్టాను. "ఇందులది పనికొస్తదా చూడు."

ఆమె దాన్ని అరచేతిలో తిప్పి చూసింది. "అన్నదా? ఇన్నేండ్లు ఏడ దాస్తివే?"

"నా నడుముకే ఉన్నది."

"వస్తె రావచ్చు. కానీ దీన్ని నూరాలె, మందుల కరగదియ్యాలె. వెండిది తెచ్చిస్త. లోపలిది మల్ల రాదు అవ్వా."

"సగం ఉంచరాదు?"

"గోరంత ఉన్నది. సగంతోని కాకపోతె, మిగిలిన సగం కోసం మల్ల నేనే వచ్చి అడగాలె."

సాత్విక మూసుకున్న కళ్లు గుర్తొచ్చాయి.

"అంత తీస్కపో. జల్ది పో. ఇంకింతసేపు నిలవడితె మల్ల గుంజుకుంట."

ఆమె దాన్ని కాగితం కవరులో పెట్టి, పైన అన్న పేరు రాసింది. ఒక్కో అక్షరం చదువుకున్నాను. సంచి నేనే బస్సు దాకా మోశాను.

మొదటిసారి ఏమీ రాలేదట. రెండోసారీ రాలేదు. చివరి చిటికెడుతో పద్ధతి మార్చి మళ్లీ చేసింది. ఐదో నెలలో ఫోన్ వచ్చింది.

"రెండూ చెడ్డయే అవ్వా. సాత్వికయి ఎట్లున్నయో గట్లనే."

ఆ వారమే మద్దూరు వెళ్లాం. ఈసారి శైలేందర్ నవ్వలేదు. కాగితం రెండుసార్లు చూశాడు.

"పరదాలు ఏ రంగుయి గావాలె చెల్లె?"

"నల్లయి. మందంగ."

రోజారాణి వాకిట్లోకి వెళ్లి బిడ్డను ఎత్తుకొచ్చి, ముఖం మీది పసుపు కడిగింది. సాత్విక ఇప్పుడు పొద్దుగూకాకే వాకిట్లో ఆడుకుంటోంది. దాని కళ్లు బాగున్నాయి.

వెండి తాయెత్తు నాకు తిరిగి వచ్చింది. ఖాళీగా ఉంది. నడుముకే కట్టుకున్నాను.

నా కొడుకు కర్ణాకర్ పన్నెండేళ్ల వయసులో, 1991 జూలై ఎనిమిదిన, నేను సర్దిన సంచితో హైదరాబాద్ దవాఖానకు వెళ్లాడు. తిరిగి రాలేదు.