మనలిలో మృగశిర

మద్రాసు శివారు మనలిలో ఓ తెలుగు బడికి సోషల్ టీచర్ ప్రభ. వ్యవసాయం పాఠం వచ్చిందంటే పిల్లలు ఆవలిస్తున్నారని, సైకిల్ స్టాండు వెనకున్న జానెడు నేలలో పంట వేయించి చెబుతానంది. కరెస్పాండెంటు బాలసుందరానికి ఆ నేల మీద వేరే ఆశ ఉంది. సిమెంటు పోసి కారు పెట్టుకోవాలని.

"క్వార్టర్లీ పరీక్షలకి పచ్చగా ఉంటే నీది. లేదంటే నా కారుది" అన్నాడు.

ప్రభ వినుకొండ నుంచి మేనమామ వెంకట్రామ్‌ని పిలిపించింది. ఊళ్లో ఆయన నోరు మెదపని రైతు. ఇక్కడ నలభై మంది పిల్లలు తన మొహమే చూసేసరికి గొంతు పెగిలింది. కార్తెలన్నీ వల్లె వేయించాడు.

"మృగశిరలో కంది పడాలి. మిగతాది వానే చూసుకుంటుంది. బకెట్లతో పోసి పెంచితే అది సేద్యం కాదు, క్రోటన్ మొక్క."

"ఈడ ఎండ చూసినావా మామా?" అంది ప్రభ.

"నీ సోషల్ నువ్వు చూసుకో అమ్మాయ్. అదిగో, మబ్బు కమ్ముతోంది."

ఆయన చూపించింది పక్కనున్న రిఫైనరీ పొగని. అంత ధీమాగా చూపించేసరికి ప్రభ కూడా కాసేపు నమ్మింది.

కంది వేశారు. మామ రోజూ పంచె ఎగ్గట్టి ఆకాశాన్ని తిట్టాడు. ఆకాశం పట్టించుకోలేదు. గింజలు తిని పావురాలు మాత్రం బలిశాయి. పరీక్షలు దగ్గరపడ్డాక జెబ అనే పిల్ల లేచింది.

"మిస్, మూడో పాఠంలో మీరే చెప్పినారు కదా, మనకి పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలకే అని. అది దీపావళి తట్టు కదా వచ్చేది. తాత చెప్పేది వాళ్లూరి కార్తె."

ఆ ముక్క ప్రభ ఏటా చెబుతోంది. దానికి మార్కులు కూడా వేస్తోంది.

"పుస్తకంలో ఉందా? మరి నాకు చెప్పవేమే?" అన్నాడు మామ.

"నువ్వు రైతువి కదా అని."

"నువ్వు టీచరువి కదా అని నేనూ ఊరుకున్నా."

మర్నాడు బాలసుందరం మేస్త్రీని వెంటబెట్టుకుని టేపుతో వచ్చాడు. ప్రభ అడ్డం నిలబడింది.

"తప్పు నెలది సార్, నేలది కాదు. దీపావళి దాకా ఆగండి."

"పచ్చగా ఉంటేనే అన్నానమ్మా."

"సిమెంటు పోయించుకోండి సార్" అన్నాడు మామ. "ఇప్పుడైతే వాన నీళ్లు ఈ మట్టి తాగుతుంది. సిమెంటు తాగదు. పల్లం మీ ఆఫీసు గుమ్మం వైపుంది."

మద్రాసులో వాననీళ్ల మాటెత్తితే ఎవరికైనా మోకాళ్లు తడుస్తాయి. బాలసుందరం గుమ్మం వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు, టేపు చుట్టేశాడు. "దీపావళి దాకా."

క్లాసులో మామ జెబ బెంచీ మీద చేరాడు. "మీ అవ్వ ఇక్కడ ఏం విత్తేది?"

"మా అవ్వ ఏమీ విత్తలేదు తాతా. రేషన్ షాపులో క్యూ కట్టేది."

"అయితే ఈ నేలలో ఏ నెలలో ఏం విత్తాలో తెలిసిన అవ్వ ఎక్కడుందో వెతకండి. నా పేరు చెప్పి మాత్రం అడగొద్దు."

ప్రభ దాన్నే హోంవర్క్‌గా బోర్డు మీద రాసింది.