అత్తగారి రొట్టె అచ్చు

"కర్ర ఇక మూల పెట్టెయ్యొచ్చు. మోకాలు చక్కగా వంగుతోంది" అని డాక్టరమ్మ అత్తగారికి చెప్పగానే నొజిమాకు ఆసుపత్రి వరండాలోనే గంతులు వెయ్యాలనిపించింది. మర్గిలాన్‌ పట్నంలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడు నెలలైంది. అందులో రెండు నెలలు, మోకాలి మార్పిడి ఆపరేషనైన అత్తగారు మస్తూరా సేవలోనే గడిచాయి.

ఇంటికి రాగానే అత్తగారిని మెత్తని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ల కింద పీట వేసి, టీ గిన్నె అందించింది.

"డాక్టరమ్మ నడవమంది కదే?"

"నడుద్దురుగాని అత్తమ్మా. ముందు టీ తాగండి."

అప్పుడే పక్కింటి హనీఫా వచ్చింది. "అదృష్టవంతురాలివి మస్తూరా. కోడలొచ్చాక అత్త చెయ్యి తడవకూడదు. మన వీధి చివరావిడ ఇంకా అంట్లు తోముతోంది, కోడలేమో గోళ్లకు రంగేసుకుంటోంది."

నొజిమా మురిసిపోయింది. మస్తూరా మాత్రం కిటికీలోంచి పెరట్లోని తందూరునే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం తందూరు పక్కన ఎత్తు బల్ల మీద నొజిమా రొట్టెలు ఒత్తి, వాటి నడుమ పువ్వు అచ్చు గుద్దుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. కర్ర లేకుండా, గోడ పట్టుకుని, అత్తగారు.

"అచ్చు వంకరగా గుద్దుతున్నావు పిల్లా. మావాడు నీ మొహం చూసి తింటున్నాడు గాని, వీటి మొహం చూసి కాదు."

అచ్చు లాక్కుని, బల్లకు ఆనుకుని నిలబడి, రొట్టె నడుమ పువ్వు దింపింది. తర్వాత ఇంకోటి. పదకొండో రొట్టెకు కూనిరాగం మొదలైంది.

"కూర్చోండి అత్తమ్మా. హనీఫా పిన్ని చూస్తే నన్ను ఆడిపోసుకుంటుంది."

"చూడనీ. మోకాలు కోయించుకున్నది కుర్చీకి అతుక్కుపోవడానికా? నొప్పి లేకుండా మళ్లీ ఇక్కడ నిలబడాలని."

నొజిమా చేతిలోని పిండి ముద్దను బల్ల మీద పెట్టింది. ఆపరేషనయ్యాక అత్తగారు పాడగా వినడం ఇదే మొదలు. మనలో ఎంతమందిమి ప్రేమ పేరుతో పెద్దవాళ్ల చేతుల్లోంచి పని లాగేసి, దానికే సేవ అని పేరు పెట్టుకోవడం లేదు? నొప్పి తీసేయడం సగం వైద్యమే. ఎవరి పని వాళ్లకు తిరిగివ్వడం మిగతా సగం.

"అయితే రేపు?" అంది నొజిమా నవ్వుతూ.

"రేపు పొద్దున పిండి నేను కలుపుతాను. తందూరులోకి వంగి రొట్టెలు అంటించడం నీ వంతు. మొదటి రొట్టె హనీఫా ఇంటికి నేనే నడిచి పట్టుకెళ్తాను."