రెండు పాసులు

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు పొద్దున ఎనిమిదిన్నర బస్సులో మేమిద్దరం తొమ్మిదేళ్ళు తిరిగాం. నేను అక్కడి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా భార్య అండాలు సర్వే ఆఫీసులో టైపిస్టు. ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లలో కూర్చునేది, నేను వెనక నిలబడేవాణ్ణి. ఒకసారి ఆమె తన నెల పాసును టిఫిను సంచితో సహా పోగొట్టుకుంది. అప్పటి నుంచి ఇద్దరి పాసులూ నా చొక్కా జేబులోనే ఉండేవి.

కండక్టరు కరీం పాసు తీసి చూపమని అడిగేవాడు కాదు. నేను జేబు మీద చెయ్యి వేసి "రెండు" అనేవాణ్ణి. అతను తన లెక్క కాగితంలో రెండు పాసులు వేసుకుని ముందుకు కదిలేవాడు.

తొంభై నాలుగు జూలై నాలుగున అండాలు చనిపోయింది. మెదడువాపు జ్వరం అన్నారు. మూడు రోజులు దవాఖానలో ఉంది.

పదహారున నేను మళ్ళీ బస్సెక్కాను. కరీం వచ్చాడు. జేబు మీద చెయ్యి వేశాను. "రెండు" అన్నాను. అలవాటుగా వచ్చింది. సవరించాలంటే కారణం చెప్పాలి. అతను అప్పటికే ముందుకు వెళ్ళిపోయాడు. రెండో రోజు అలవాటు కాదు. తెలిసే అన్నాను. ఆ తరువాత కూడా అన్నాను. కరీం వేరే ఊరివాడు, అతనికి కబురు అందలేదు. ముందు కిక్కిరిసిన ఆడవాళ్ళలో ఎవరు లేరో అతను గమనించలేదు.

ఇరవై ఆరున దారిలో తనిఖీ వాళ్ళు బస్సు ఆపారు. ఇన్‌స్పెక్టరు కరీం కాగితం తీసుకుని అందరి టిక్కెట్లూ, పాసులూ చూశాడు. నేను నా పాసు ఒక్కటే చూపించాను. కాగితంలో పాసులు తొమ్మిది. కనబడ్డవి ఎనిమిది. తొమ్మిదో మనిషి ఏడని అడిగాడు. కరీం మధ్యలో దిగిన ఎవరి దగ్గరో డబ్బు తీసుకుని, టిక్కెట్టు కొట్టకుండా పాసు కింద రాశాడని ఇన్‌స్పెక్టరు అనుమానం. అది రుజువైతే కండక్టరు ఉద్యోగం పోతుంది.

"తొమ్మిదో పాసు గాలికి కొట్టుకపోయిందేమో సార్" అని వెనక సీట్లోంచి భిక్షం అనే పాల వ్యాపారి అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కరీం కంగారు పడలేదు. నా వైపు చూపించాడు.

"గా సారు భార్యది సార్. మేడం ముందట కూసుంటది. రోజూ వస్తది. నేను రోజూ రాస్తున్న."

ఇన్‌స్పెక్టరు ముందుకు నడిచి సారు భార్య ఎవరని అడిగాడు. ఆ ఆడవాళ్ళలో ఇద్దరికి విషయం తెలుసు. వాళ్ళు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. కరీం ఒక్కో సీటూ చూసుకుంటూ వెళ్ళాడు. చివరిదాకా చూసి నా వైపు తిరిగాడు. అప్పుడు అతని ముఖంలో భయం కనిపించింది.

ఇరవై రెండు రోజులుగా ఆ మాట నేను నోటితో అనలేదు. బడిలో సెలవు చీటీ మీద రాశాను. బంధువులకు మా తమ్ముడు చెప్పాడు.

"ఆమె చనిపోయింది" అన్నాను. "నేనే రెండని చెప్పిన. కరీం తప్పు లేదు."

ఇన్‌స్పెక్టరు ఇది నోటిమాటతో పోదని, రాసి సంతకం పెట్టాలని మెల్లగా చెప్పాడు. ఆమె పాసు తీసి అతనికిచ్చాను. బస్సు మెట్టు మీద కూర్చుని, అతనిచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను. పేరు, తేదీ, జరిగింది. అతను చదివి, చనిపోయినంక కూడా రెండని ఎందుకు చెప్పారో రాయలేదన్నాడు.

కలం మళ్ళీ తీసుకున్నాను. చాలాసేపు ఏమీ రాయలేదు. లోపల ఎవరో ఆఫీసుకు ఆలస్యమవుతోందని గొణిగారు. "చెప్పలేకపోయాను" అని రాసి సంతకం పెట్టాను.

ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి, ఆమె పాసుతో పాటు సంచిలో పెట్టుకుని దిగిపోయాడు. కరీం మీద ఏమీ రాయలేదు.

బస్సు కదిలింది. కరీం నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నాకన్న ఒక మాట చెప్పకపోతిరి సార్."

అతను తన సీటు మీది టిక్కెట్ల పెట్టె తీసి చంకన పెట్టుకున్నాడు.

"జర కూసోండి" అన్నాడు.

కూర్చున్నాను. మహబూబ్‌నగర్ దాకా అతను నిలబడే టిక్కెట్లు కొట్టాడు.