చెప్పుల కాపలా

2006 మే నెలలో, ఊటీ చెరువు ఒడ్డున, హెలెన్‌కి అన్యాయం జరిగింది. చేసినవాడు మొగుడే. చర్చి యాత్రకి స్టీఫెన్ సెక్రటరీ. అందరినీ పడవెక్కించి, చోటు చాలకపోయేసరికి పెళ్లాం వైపు తిరిగి, "నువ్వు మనింటిదానివేగా, అడ్జస్ట్ అవ్వు" అన్నాడు. ఆమె దిగింది, పడవ మంచులోకి వెళ్లిపోయింది. హెలెన్ అందరి చెప్పులకీ కాపలా కూర్చుంది. అప్పట్నుంచీ అడ్జస్ట్ అవుతూనే ఉంది. అదే ఉద్యోగమైతే ఈపాటికి పెన్షనొచ్చేది.

తార్నాకలో చాలామందికి పొద్దున్నే యూనివర్సిటీలో నడక అలవాటు. చలికాలం గుట్టల నడుమ పల్లంలో మంచు చింతకొమ్మల దాకా నిండుతుంది. నిండగానే లక్ష్మీనర్సయ్య దానిమీదికి పడవ దింపుతాడు. జనం చెప్పులు విడిచి ఎక్కి, ఓ చుట్టు తిరిగి, టిఫిన్ వేళకి ఇళ్లకి పోతారు.

ఈ చలికాలం ఓ శనివారం హెలెన్ పరధ్యానంగా ఉంది. బ్యాంకువాళ్లు మేనేజరుగా ప్రమోషనిచ్చి బందరు వెళ్లమన్నారు. జవాబుకి సాయంత్రమే గడువు. వద్దనేద్దామనుకుంది. రిటైరై ఇంట్లో ఉన్న స్టీఫెన్‌కి కాఫీపొడి ఏ డబ్బాలో ఉందో కూడా తెలీదు.

పడవలో మిగిలిన రెండు చోట్లలో మొగుడూ పెళ్లాం కూర్చున్నారు. అంతలో పాస్టరుగారి భార్య ఎవాంజెలిన్ ఆయాసపడుతూ వచ్చింది. స్టీఫెన్ అలవాటుగా ఇటు తిరిగాడు.

"హెలెన్, కొంచెం అడ్జస్ట్..."

మంచు పల్చబడి పడవ జానెడు దిగింది.

"సారూ, ఆ మాట అనకుండ్రి. మంచు నిలువది," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"అది కాదయ్యా, ఆవిడ పెద్దావిడ, ఈమె మనింటి..."

ఇంకో జానెడు. అడుగున గడ్డి కనిపించింది.

"అంకుల్, మీ ఇంటి ముచ్చట ఇంట్లో చూస్కోండి. నాకు ల్యాబ్ ఉన్నది," అంది వెనక కూర్చున్న పిల్ల.

"నేను దిగను. ఊటీలోనే దిగేశాను," అంది హెలెన్, మెల్లగానే.

స్టీఫెన్ ఆమె ముఖంలోకి చూశాడు. తనే దిగి, ఎవాంజెలిన్‌కి చెయ్యందించాడు. పడవ తేలింది.

పైన మౌలాలి గుట్ట ఒక్కటే దీవిలా మిగిలింది. సీతాఫల్‌మండి రైలు మంచు అడుగున లైటేసుకుని చేపలా పోతోంది.

"ఇంకాస్త దూరం పోవచ్చా?" అంది హెలెన్.

"ఎంత దూరమన్నా పోవచ్చమ్మా. ఎవ్వరూ అడగరు గంతే."

తిరిగొచ్చేసరికి స్టీఫెన్ బండమీద కూర్చుని ఉన్నాడు. అందరి చెప్పులూ వరసగా పెట్టాడు. హెలెన్‌వి మాత్రం ఒళ్లో పెట్టుకుని తడి తుడుస్తున్నాడు.

"ఇక్కడ కూర్చుంటే ఎంత చలో," అన్నాడు. "ఊటీలో నీకు శాలువా కూడా లేదు కదూ."

"లేదు. నేను బందరు వెళ్తున్నానండీ."

అతను చెప్పులు ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. "అక్కడ సముద్రం దగ్గరేగా. చెప్పులు కాయడానికి మనిషి అక్కర్లేదూ?"

"కాఫీ పెట్టడం నేర్చుకుంటే చూద్దాం."

స్టీఫెన్ పెట్టిన చేదు కాఫీ తాగి, హెలెన్ బందరు బ్రాంచిలో మేనేజరుగా చేరింది. తేదీ 29 జనవరి 2024.